అలంపురమునకు అఖండదీపము

సౌరవిద్యుత్తనగానే పాఠకుల మనస్సునకు ఎడారి తోచును. అది సహజమే. రాజస్థానమున ఫలోదీ జిల్లాలో, థార్ ఎడారియందలి భడ్లా యను తావున, పదునాలుగువేల యెకరముల ఇసుకనేలపై 2,245 మెగావాట్ల సౌరక్షేత్రము నిలిచియున్నది. పైరు పండని నేల దేశమునకు దీపము పెట్టుచున్నదని విన్నపుడు ఆశ్చర్యము కలుగకమానదు. కాని సూర్యభగవానుడు ఎడారికి మాత్రమే బంధువు కాడు. కృష్ణా తుంగభద్రల నడుమ నుండియు దప్పికతో నెండుచున్న నడిగడ్డయందు ఆయన ప్రసాదమునకు కొఱత లేదు. చైత్రవైశాఖములలో మధ్యాహ్నవేళ అలంపురపు మిద్దెలపై చెప్పులు లేక కాలు మోపినవారెవ్వరును ఇందులకు సాక్ష్యమడుగరు.

కావున ఈ సీమలో ఎండ కలదా యని విచారింప బనిలేదు. ఆ యెండను నేడో రేపో ఎవరో ఒకరు పంటగా కోయుదురు. ఆ పంట ఎవరి గాదెకు చేరును? అలంపురవాసులు విచారింపవలసిన దిదియే. తమ సమాధానమును తాము ఇప్పుడే చెప్పుకొననియెడల మఱియొకరు వారి పక్షమున చెప్పివేయుదురు.

అట్లు మఱియొకరు చెప్పిన సమాధానములకు తలయొగ్గుట ఈ ప్రాంతమునకు క్రొత్త కాదు. శ్రీశైలము కడ కృష్ణకు అడ్డముగా కట్టిన జలాశయము 1981లో నిండుచున్నపుడు, అలంపురము, కొల్లాపురము తాలూకాల గ్రామములును, ఆవలి యొడ్డున కర్నూలు జిల్లా గ్రామములును కలిసి సుమారు నూఱు నీటిపాలయ్యెను. కూడవెల్లి సంగమేశ్వరుని ఆలయమును రాతిరాతిగా విప్పి అలంపురమునకు తెచ్చి నిలిపిరి. అలంపురమును వెనుకజలమునుండి కాపాడుటకు పెద్దకట్ట కట్టవలసివచ్చెను. దేవునికి క్రొత్తచోటు దొరకినంత చక్కగా మనుష్యులకు దొరకలేదు. నేడు శ్రీశైలము కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్కేంద్రములు పనిచేయుచున్నవి. గద్వాలకు చేరువను జూరాల కడ 234, దానికి దిగువను 240 మెగావాట్ల కేంద్రములు వేఱుగ కలవు. ఈ విద్యుత్తు దేశమున కవసరమే; దానిని మేము తక్కువచేయుట లేదు. కాని ఊళ్ళు విడిచి లేచిపోయినవారు పరిహారపు జాబితాలకెక్కిరే గాని ఆ కేంద్రములలో పాలుదార్లు కాలేదు. ఇచ్చినవాడు యజమాని కాలేదు. నీటివిషయమున జరిగిన దీ యన్యాయము. ఎండవిషయమున మఱల జరుగకుండ చూచుకొనవలెను.

తుంగభద్ర దాటి కర్నూలు మీదుగా కొంతదూరము పోయినచో గని, శకునాల గ్రామముల పొలిమేరలలో వేయి మెగావాట్ల సౌరక్షేత్రము కనబడును. 2017లో పూర్తియైన యీ క్షేత్రము దాదాపు ఆఱువేల యెకరముల నాక్రమించియున్నది. ఆ కాలమున ఒక్కచోట నెలకొన్న సౌరక్షేత్రములలో ప్రపంచమున మిక్కిలి పెద్దవాని సరసన దీనిని లెక్కించిరి. ఇంజనీర్ల నేర్పును కొనియాడవలసినదే. అయినను అందు పుట్టిన విద్యుత్తు పెద్దతీగలపై ఎక్కి రాష్ట్రమంతటికి పోవును. క్షేత్రపు కంచెనానుకొని యున్న పల్లెకును, వంద క్రోసుల దూరమున నున్న పట్టణమునకును దానిపై గల హక్కు ఒక్కటే: బిల్లు చెల్లించి కొనుక్కొను హక్కు. భూమికి ఒకమాఱు వచ్చిన సొమ్ము ఒకమాఱే ఖర్చగును. సూర్యుడు మాత్రము ప్రతిదినమును ఉదయించుచునే యుండును.

ఇందులకు భిన్నమైన ప్రయత్నమొకటి మన ప్రక్కనే జరిగినది. నాగర్‌కర్నూలు జిల్లా వంగూరు మండలమున కొండారెడ్డిపల్లి యను గ్రామము కలదు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిగారి స్వగ్రామ మది. అచట 2024లో ఆరంభించి 2025 సెప్టెంబరు నాటికి 480 ఇండ్లపై ఒక్కొక్కదానికి 3 కిలోవాట్ల వంతున సౌరఫలకములు అమర్చిరి. పదునొకండు ప్రభుత్వ భవనములపై 60 కిలోవాట్లు నిలిపిరి. దక్షిణ భారతమున సంపూర్ణముగా సౌరవిద్యుత్తుతో నడచు తొలిగ్రామ మిదియే యని ప్రకటించిరి. ఒక్కొక్క యింటికి నెలకు సుమారు 360 యూనిట్లు పుట్టును. వాడుకొనగా మిగిలినది తీగల కమ్మి సొమ్ము చేసికొనవచ్చును. పల్లెటూరి గృహస్థు విద్యుత్తును కొనువాడుగా గాక అమ్మువాడుగా మాఱుట చిన్నసంగతి కాదు. ఈ పనిని మేము మనఃపూర్వకముగ శ్లాఘించుచున్నాము.

శ్లాఘించుచునే రెండుసంగతులను పాఠకుల యెదుట పెట్టుచున్నాము. మొదటిది సొమ్ము. ఈ గ్రామమునకు సుమారు పదికోట్ల రూపాయలు వ్యయమైనది. ఇంటిపై ఫలకములు పెట్టుకొనువారికి కేంద్ర ప్రభుత్వము 2024లో ప్రవేశపెట్టిన సూర్యఘర్ పథకము క్రింద మూడున్నర కోట్లకు పైగా వచ్చెను. సౌరఫలకములను తయారుచేయు కంపెనీ యొకటి నాలుగుకోట్లకు పైగా విరాళమిచ్చెను. మిగిలినది రాష్ట్ర ప్రభుత్వము భరించెను. తెలంగాణమున గ్రామపంచాయతీలు పన్నెండువేలకు పైగా కలవు. ఊరికి పదికోట్ల వంతున లెక్కవేసినచో లక్షా యిరువదివేల కోట్లగును. 2025-26 సంవత్సరమునకు రాష్ట్రపు మొత్తము బడ్జెటు మూడులక్షల కోట్లకు కొంచెము పైమాట. ప్రతియూరికిని దాతయైన కంపెనీ దొరకదు. ప్రతియూరును ముఖ్యమంత్రిగారి స్వగ్రామము కాజాలదు.

రెండవది, ఆ గ్రామపు 514 ఇండ్లలో మిగిలిన 34 ఇండ్లు. అవి మట్టియిండ్లు, బలహీనమైన కప్పుల యిండ్లు. ఫలకముల బరువును ఆ కప్పులు మోయజాలవని వానిని విడిచిపెట్టిరి. ఇంజనీరు చెప్పిన కారణము సరియైనదే. కాని ఫలితము చూడుడు. మిద్దె గలవానికి సూర్యుడు నెలనెల సొమ్మిచ్చును. మిద్దె లేనివానికి పూర్వమువలెనే యెండ మాత్రమిచ్చును. ఇంటికప్పునే హక్కుపత్రముగా చేసికొన్న యే పథకమైనను ఈ దోషమునుండి తప్పించుకొనలేదు. అలంపురమున నిట్టి యిండ్లు లేవా? నడిగడ్డనుండి ఏటేట కూలికై దూరదేశములకు పోవు కుటుంబముల యిండ్లు ఏ కప్పుతో నున్నవో ఎఱుగనివారెవరు?

అలంపురమునకు మఱియొక విశేషమును కలదు. బాదామి చాళుక్యులు ఏడెనిమిది శతాబ్దులలో నిర్మించిన నవబ్రహ్మాలయములు ఈ యూరి నడిబొడ్డున నున్నవి. ఆ తొమ్మిదింటిలో ఒకటి అర్కబ్రహ్మాలయము. పండ్రెండువందల యేండ్ల క్రిందటనే సూర్యుని పేర గుడి గల పట్టణ మిది! రక్షిత కట్టడములకు నూఱుమీటర్ల లోపల నూతన నిర్మాణము నిషిద్ధము. అటుపైని రెండువందల మీటర్లవఱకు అనుమతి కావలయును. చట్టము మాట యెట్లున్నను, ఆ శిఖరముల చెంత మిద్దెమిద్దెకును నీలిఫలకములు పఱచుటకు అలంపురవాసులకే మనసొప్పదు. కావున ఇండ్లకప్పులను మాత్రమే నమ్ముకొనక, ఊరి వెలుపల ఉమ్మడిక్షేత్రమును నిలుపుకొనుట ఈ యూరికి తగిన మార్గము. గుజరాతులోని మొధేరాలో ఇట్టి క్షేత్రమే నెలకొల్పిరి. అచటను ప్రాచీన సూర్యదేవాలయము కలదు. 2022 అక్టోబరు 9న రేయింబవళ్ళు సౌరవిద్యుత్తుతో నడచు గ్రామముగా దానిని ప్రకటించిరి. వేయికి పైగా ఇండ్లపై చిన్నఫలకములతో పాటు, సమీపమున నేలపై 6 మెగావాట్ల క్షేత్రమును, రాత్రికై విద్యుత్తును దాచు బ్యాటరీలను అమర్చిరి. అందులకైన వ్యయము ఎనుబదికోట్లు, అదియంతయు ప్రభుత్వములదే. కావున మొధేరానుండి మనము నేర్వదగినది పనితీరు; సొమ్ముదారి వేఱుగ వెదకుకొనవలెను.

సొమ్ముదారికంటె ముందు పోషణదారిని చూడవలెను. బీహారులో ధర్నాయి యను గ్రామము కలదు. ముప్పదియేండ్లు విద్యుత్తు లేక చీకటిలోనున్న ఆ యూరికి 2014లో ఒక పర్యావరణ సంస్థ 100 కిలోవాట్ల సౌరకేంద్రమును కట్టియిచ్చెను. ఊరంతయు పండుగ చేసికొనెను. కొలదికాలమునకే ప్రభుత్వపు తీగలు వచ్చెను; ఆ విద్యుత్తు చౌక. సౌరకేంద్రపు బ్యాటరీలు బలము తఱిగి చెడిపోయెను. క్రొత్తవి కొనుట కెవరిచేతిలోను నిధి లేదు. కొన్నియేండ్లకు ఆ కేంద్రపు ఆవరణమున పశువులను కట్టుచున్నారని పత్రికలు వ్రాసెను. సూర్యుడు మోసగింపలేదు, యంత్రమును మోసగింపలేదు. దీపము వెలిగించినవారు నేయి యెవరు పోయుదురో నిర్ణయింపకయే వెడలిపోయిరి.

మన పూర్వు లీ పొరపాటు చేయలేదు. ద్రాక్షారామాది క్షేత్రముల శాసనములను చదివినవా రీ సంగతి నెఱుగుదురు. దేవునికి అఖండదీపము పెట్టదలచిన దాత కుందెను మాత్రమిచ్చి పుణ్యము కట్టుకొని పోలేదు. గొఱ్ఱెల మందనో ఆవుల మందనో గుడికి సమర్పించి, దానిని ఫలానా బోయకు అప్పగించి, అతడును అతని సంతతివారును దినమునకు మానెడు నేయి పోయవలెనని ఆచంద్రార్కముగా శిలపై చెక్కించెను. ఆ చిన్న యేర్పాటులో ఎంత బుద్ధి కలదో చూడుడు. మూలధనము చెక్కుచెదరదు; దాని ఫలమునుండియే దీపము వెలుగును; బాధ్యుని పేరు నలుగురు చదువునట్లు రాతిపై నుండును. ఫలకములు ఇరువదియైదేండ్లు మన్నును. వానిలో పుట్టిన విద్యుత్తును ఇంటి విద్యుత్తుగా మార్చు ఇన్వర్టరు ఎనిమిది పదియేండ్లకు మార్చవలసివచ్చును. దుమ్ము పేరుకొన్నచో రాబడి తగ్గును; కడుగుటకు నీరును మనిషియు కావలెను. ఈ మంద యెవరిది, ఈ బోయ యెవరు అని వ్రాసికొననిదే సౌరదీపము వెలిగింపరాదు.

ఊరివారే యజమానులై విద్యుత్తు నడుపుకొనుట సాధ్యమా యని కొందఱు సందేహింతురు. తెలంగాణముననే ఇందులకు ప్రత్యక్షప్రమాణము కలదు. సిరిసిల్లలో 1970లో వెలసిన సహకార విద్యుత్సరఫరా సంఘము నేటికిని ఆ ప్రాంతపు మగ్గములకును, మోటార్లకును, ఇండ్లకును విద్యుత్తు పంచుచున్నది. వాడుకదారులే సభ్యులు, డైరెక్టర్లను వారే యెన్నుకొందురు. ఆ యెన్నికలలో రాజకీయము లేదనియు, బాకీలు పేరుకొనలేదనియు మేము చెప్పము. లోపములతోనే అది అర్ధశతాబ్దికి పైగా నిలిచినదని మాత్రము చెప్పుదుము. గుజరాతులోని ధుండీ గ్రామమున 2016లో ఆర్గురు రైతులు సౌరపంపుల సహకారసంఘము నేర్పఱచుకొని, తడికి అక్కఱలేని వేళల విద్యుత్తును తీగలకమ్మసాగిరి. ఉబ్బెత్తుగ నీరు తోడినచో అమ్ముకొను యూనిట్లు తగ్గును గనుక, నీటిని పొదుపుగ వాడు బుద్ధి దానియంతటదియే కలిగెను. జర్మనీ దేశమున షోనావు అను చిన్నపట్టణపు ప్రజలు తమ యూరి విద్యుత్తీగలను 1997లో కంపెనీనుండి తామే కొనిరి. సిరిసిల్ల నేతగాడు, ధుండీ రైతు, షోనావు పౌరుడు చేసినది అలంపురవాసి చేయలేడా?

లెక్క చెప్పుదుము. ఒక మెగావాటు సౌరక్షేత్రమునకు నాలుగైదెకరములు చాలును. అది ఏడాదికి సుమారు పదునైదులక్షల యూనిట్లు పుట్టించును. నెలకు నూఱు యూనిట్లు వాడు సామాన్యగృహములు ఇట్టివి 1,250 దానిపై ఆధారపడవచ్చును. ఇప్పటి ధరలలో వ్యయము నాలుగైదుకోట్లు. నాలుగున్నర కోట్లని యెంచి 1,250 పాళ్ళు చేసినచో పాలు ఒక్కింటికి 36 వేలు. యూనిటుకు 3 రూపాయలే వచ్చినను ఏడాదికి 45 లక్షల రాబడి. అందులో ఐదవవంతును ముట్టరాని పోషణనిధిగ తీసియుంచినను, పాలు ఒక్కింటికి ఏటికి సుమారు 2,900 రూపాయలు మిగులును. ఈ లెక్క వ్యాపారికి గొప్ప లాభముగ తోచకపోవచ్చును. కాని ఇది మిద్దె గలవానికిని లేనివానికిని సమానముగ దక్కు లాభము. పాలునకు కప్పుతో పనిలేదు.

ఇందులకు చట్టము దారి మూయలేదు. బంజరునేలలపై అయిదువందల కిలోవాట్లనుండి రెండు మెగావాట్లవఱకు సౌరకేంద్రములను రైతులును, సహకారసంఘములును, పంచాయతీలును పెట్టుకొనుటకు 2019 నాటి కుసుమ్ పథకము అవకాశము కల్పించినది. మహిళాసంఘములచేత వేయి మెగావాట్ల సౌరకేంద్రములను నెలకొల్పింతుమని తెలంగాణ ప్రభుత్వమును ప్రకటించినది. ఆ ప్రకటన కాగితముపైనుండి నడిగడ్డ నేలపైకి దిగవలెనన్నచో అడుగువారు కావలెను.

ఒక యాక్షేపణ వచ్చునని మే మెఱుగుదుము. “సేద్యపు మోటార్లకు 2018 జనవరి 1 నుండి ఇరువదినాలుగు గంటలు ఉచితవిద్యుత్తు. పేదయిండ్లకు 2024 నుండి గృహజ్యోతి క్రింద రెండువందల యూనిట్లవఱకు బిల్లే లేదు. ఉచితముగ వచ్చుచుండగా ఊరికి సొంతకేంద్రమెందుకు?” న్యాయమైన ప్రశ్నయే. ఇందులకు మా సమాధానము శాసనములనాటి సమాధానమే. ఉచితవిద్యుత్తు రోజువారీ నేయి. ఖజానా నిండుగ నున్నన్నాళ్ళు పోయుదురు. ఉమ్మడికేంద్రము మంద, అది ఊరిలోనే యుండును. ఉచితము దయ, పాలు హక్కు. దయ కాలము మాఱినచో మాఱును, హక్కు నిలుచును. ప్రభుత్వము పేదయింటి బిల్లుకై విద్యుత్సంస్థలకు ఏటేట చెల్లించు సొమ్ములో కొన్నియేండ్ల భాగమును ముందుగనే ఆ యింటి పేర సహకారసంఘములో పాలుగ పెట్టవచ్చును. అపుడు ఖజానాకు భారము తగ్గును, పేదవాడు యజమానియగును. తొలుత ఆ మట్టియిండ్ల పేరనే పాళ్ళు వ్రాయవలెనని మేము కోరుచున్నాము.

ఇంకొక్క సంగతిని దాచరాదు. సాధారణముగ మిద్దెలపై పెట్టు ఫలకములు ప్రభుత్వపు తీగలలో విద్యుత్తున్నంతసేపే పనిచేయును. తీగలు చచ్చినచో, వానిపై పనిచేయువారికి ప్రమాదము రాకుండ, ఇన్వర్టరు తనంత తానే ఆగిపోవును. ఎండ మండుచుండగా ఇల్లు చీకటిగ నుండుటను చూచి జనులు ఆశ్చర్యపడుదురు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర పొంగి కర్నూలు నగరమును, అలంపురమును, తీరగ్రామములను ముంచినపుడు విద్యుత్తు లేక జనులు పడిన యిక్కట్లు నేటికిని మఱపునకు రాలేదు. కావున ఉమ్మడికేంద్రముతోపాటు ఆసుపత్రికిని, త్రాగునీటి పంపులకును, ఆపత్కాలమున జనులు తలదాచుకొను మెట్టప్రదేశపు బడికిని బ్యాటరీలు వేఱుగ నుండవలెను. ఇండ్ల పంకాలకంటె ముందు ఈ మూడింటికి దీపము నిశ్చయము కావలెను. కేంద్రమునకు ఎన్నుకొను నేలయు వరదమట్టమునకు ఎగువను ఉండవలెను.

స్వదేశీ యనునది ఖద్దరుతో ముగిసిన మాట కాదు. ఫలకములలోని సిలికాను పొరలు నేటికిని అధికభాగము చైనానుండియే వచ్చుచున్నవి. వానిని అలంపురమున తయారుచేయుమని మేము చెప్పము. కాని బిగించుట, కడుగుట, తీగ తెగినచో అతుకుట, మీటరు చదివి లెక్క వ్రాయుట ఈ యూరి బిడ్డలకు రావలెను. రాజస్థానములోని తిలోనియాలో అక్షరజ్ఞానము చాలని గ్రామస్త్రీలు సౌరదీపములను కూర్చుటయు బాగుచేయుటయు నేర్చి అన్యదేశముల స్త్రీలకు నేర్పుచుండగా, చదువుకొన్న మన యువకులు మీటరు బాగుచేయించుటకు కర్నూలు బస్సు ఎక్కుట గౌరవము కాదు.

ఇక చేయవలసినది చెప్పి విరమింతుము. పురపాలక సంఘమువా రీ యేడే పట్టణసభ కూర్చి తీర్మానము చేయవలెను. వరదకందని బంజరు ఐదెకరములను గుర్తింపవలెను. బంజరు చాలనియెడల, పెద్దరైతులలో ఒకరు తన పండని చెలకను సంఘమునకు దీర్ఘకాలపు కౌలున కిచ్చుట లాభమునకు లాభము, కీర్తికి కీర్తి. పట్టణపు విద్యావంతులు సహకారసంఘపు నిబంధనలు వ్రాయుటకు పూనుకొనవలెను. పాళ్ళలో ఎవరికిని రెండింటికి మించి యుండరాదనియు, ఎన్ని పాళ్ళున్నను మనిషికొక్క ఓటే యనియు మొదటినిబంధనగ నుండవలెను. లేనిచో నాలుగు పెద్దయిండ్లు కూడి మఱియొక కంపెనీ యగును. పుట్టిన యూనిట్లు, అమ్మిన యూనిట్లు, వచ్చిన సొమ్ము, పోషణనిధి నిలువ, బాధ్యుల పేర్లు నెలనెల తెలుగున వ్రాసి కార్యాలయపు గోడపై అంటింపవలెను. రాతిశాసనములు చెక్కించిన జాతికి గోడశాసనము వ్రాయుట కష్టము కారాదు.

నదులను అడిగినపుడు నడిగడ్డ ఇచ్చినది. ఊళ్ళను అడిగినపుడు ఇచ్చినది. ఎండను అడుగువారు వచ్చినపుడు, “ఇత్తుము, కాని పాలుదార్లుగా ఇత్తుము” అని చెప్పగల సంఘము ముందుగనే సిద్ధమై యుండవలెను.